జీడితోటలోకి వచ్చిన ఎలుగు, జూకి చేరకుండానే పోయిన ఎలుగు

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి జీడితోటల్లోకి ఓ ఎలుగుబంటి వచ్చింది. తోటకెళ్ళిన ఓ పెద్దాయన ప్రాణం తీసింది. మర్నాడు మరికొందరి మీద పడి గాయపరిచింది. రెండు మూడు రోజులపాటు ఆ చుట్టుపక్కల ఊళ్ళు తలుపులు బిగించుకునే ఉన్నాయి. అటవీ శాఖ వాళ్ళు, విశాఖ నుంచి వచ్చిన బృందం కలిసి మత్తు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు. విశాఖ జూకి తీసుకెళ్తుండగా ఆ జంతువు చనిపోయింది.

ఆ తర్వాత ఎలుగు కనిపించిన ప్రతిసారీ ఉద్దానంలో అదే మాట వినిపిస్తోంది: "పట్టుకెళ్ళి జూలో పెట్టొచ్చు కదా?" అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. తెల్లారకముందే తోటకి పోవాల్సిన ఆడవాళ్ళు, కూలీలు భయపడుతున్నారు. ఆ భయం నిజమైనది. కానీ ఎలుగును జూలో పెట్టడం వినడానికి ఉన్నంత తేలిక కాదు. చట్టం అడ్డొస్తుంది, జంతువు స్వభావం అడ్డొస్తుంది, దూరమూ అడ్డొస్తుంది.

ముందు చట్టం సంగతి. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే పులితో సమానం. వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిందని రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నమ్మి, కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే పట్టుకోవాలి. పట్టుకోవడానికి, మత్తివ్వడానికి, వేరేచోటికి తరలించడానికి వీల్లేదని తేలాకే చంపే మాట. మీద పడినప్పుడు ప్రాణరక్షణ కోసం చేసిన పని మాత్రం నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది. ఈ చివరి ముక్క మన ఊళ్ళలో చాలామందికి తెలియదు.

ఇక జంతువు. మన దగ్గరుండే ఎలుగుకు చూపు, వినికిడి అంతంత మాత్రం, వాసన మాత్రం గట్టిగా పడుతుంది. దాని అసలు తిండి చెదపురుగులు, చీమలు. పైదవడలో ముందు రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి చెదల్ని గాలితో లాగినట్టు లాగేస్తుంది. పుట్టలు తవ్వడానికే ఆ పొడుగాటి గోళ్ళు. తేనె, పళ్ళంటే మహా ఇష్టం. జీడిపండు ముగ్గి కింద రాలే రోజుల్లో, పనసకాయ వాసన కొట్టే రోజుల్లో ఉద్దానం దానికి దస్తర్‌ఖాన్ పరిచినట్టే. మనకి తోట, దానికి అడవి. పొదలు, పుట్టలు, పళ్ళు ఉన్నచోటికి అది వస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు వేలకు వేలు కూలిపోయాయి. రైతు నష్టం లెక్క కాగితాల మీద రాశారు. చెట్ల మీద బతికే జంతువుల లెక్క ఎవరు రాస్తారు?

తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, రెండేళ్ళు దాటేదాకా వెంటే ఉంచుకుంటుంది. సరిగా కనిపించదు, వినిపించదు కనుక మనిషి ఒక్కసారిగా దగ్గరికి వచ్చేసరికి అదిరిపడి మీదకు దూకుతుంది. మనిషిని తినడానికి కాదు. అందుకే తోటలోకి వెళ్ళేవాళ్ళు ఒక్కళ్ళుగా కాకుండా గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, చీకట్లో లైటు పట్టుకుని వెళ్ళమని అటవీ శాఖ చెబుతూ ఉంటుంది. సెల్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళడమే ప్రమాదం. ఎలుగు కనబడితే వందమంది చేరి కేకలేస్తూ తరిమి వీడియో తీయడం అంతకన్నా ప్రమాదం. బెదిరిన జంతువుకి పారిపోయే దారి వదలాలి.

దూరం సంగతీ చూడాలి. ఈ తీరానికి దగ్గర్లోని పెద్ద జూ విశాఖలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల. 1977లో తెరిచారు, కంబాలకొండ అడవి అంచున 625 ఎకరాలు. పలాస నుంచి నూటడెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. మత్తులో ఉన్న జంతువు తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు. నల్లని దట్టమైన బొచ్చున్న ఎలుగుకు ఎండాకాలంలో ఇది ఇంకా కష్టం. వెంట డాక్టరు ఉండాలి, నీళ్ళు చల్లాలి, ఊపిరి చూస్తుండాలి. ఇన్ని చేసినా బతుకుతుందన్న భరోసా లేదు.

బతికి చేరిందే అనుకుందాం. అడవిలో పెరిగిన ఎలుగు ఎన్‌క్లోజర్‌లో ఇమడటం కష్టం. పనిలేక ఒకేచోట అటూ ఇటూ తిరుగుతుంది, తల ఊపుతుంది. బయట నిలబడ్డ పిల్లలు "అమ్మీ, చూడు డాన్స్ చేస్తోంది" అంటారు. అది డాన్స్ కాదు, బాధ. మంచి జూలు తిండిని దాచిపెట్టి వెతుక్కునేలా చేస్తాయి. దుంగలకు తేనె పూస్తాయి, తవ్వుకోవడానికి మట్టి పోస్తాయి. చూసుకునే మనుషులకూ ఇది అలవోక పని కాదు. 2023 నవంబర్‌లో విశాఖ జూలోనే ఎన్‌క్లోజర్ శుభ్రం చేస్తున్న ఓ యువ సిబ్బందిని హిమాలయన్ నల్ల ఎలుగు చంపేసింది. టికెట్ కొని లోపలికెళ్ళేవాళ్ళకి కనిపించని కష్టం అది.

ఎలుగంటే మన సముదాయానికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. ముక్కుకు తాడు వేసి వీధుల్లో ఎలుగును ఆడించిన ఖలందర్లు ముస్లింలే. పిల్లలు జడుసుకుంటున్నారని దాని వీపు మీద ఎక్కించేవారు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టించుకునేవారు. ఆ ఆట వెనక జరిగేది వేరు. తల్లిని చంపి పిల్లను ఎత్తుకొచ్చేవారు. కాల్చిన సూదితో ముట్టె కుట్టేవారు, పళ్ళు విరగ్గొట్టేవారు. 1995లో మొదలైన వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ ఆగ్రా, బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట, భోపాల్ వంటి చోట్ల కేంద్రాలు నడిపి ఆరువందలకు పైగా ఎలుగుల్ని విడిపించింది. 2009లో ఆ ఆట ముగిసినట్టు ప్రకటించారు. ఎలుగుల్ని లాక్కుని ఊరుకుంటే అది అన్యాయమయ్యేది. ఖలందర్ కుటుంబాలకు ఆటోలు, చిన్న దుకాణాలు, ఆడవాళ్ళకి చేతిపని, పిల్లలకు చదువు కూడా చూపించారు కనుకే నిలబడింది. ఉద్దానంలోనూ ఇదే సూత్రం పనికొస్తుంది. రైతు నష్టం తీర్చకుండా ఎలుగును కాపాడమంటే ఎవరు వింటారు?

సర్కస్‌ల కథా ఇలాంటిదే. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది. సర్కస్ యజమానులు కోర్టుకెళ్తే 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్నే ఖాయం చేసింది. అలా రోడ్డున పడ్డ సింహాలు, పులుల కోసం పెట్టిన సంరక్షణ కేంద్రాల్లో ఒకటి విశాఖలో, ఇంకొకటి తిరుపతిలో ఉన్నాయి. సర్కస్ సింహాల్లో చాలా వాటిది ఆఫ్రికా, ఆసియా కలిసిన రక్తం. అందుకే వాటికి పిల్లలు పుట్టనివ్వకుండా, బతికినంతకాలం సాకుతారు. 2009లో ఏనుగుల్ని జూలలో, సర్కస్‌లలో ప్రదర్శనకు ఉంచొద్దని సెంట్రల్ జూ అథారిటీ చెప్పింది. 2013 మేలో డాల్ఫిన్ షోలకు తలుపు మూసేసింది. దుబాయ్ వెళ్ళొచ్చిన బంధువులు ఫోన్లో చూపించే డాల్ఫిన్ ఆట మన దేశంలో కనబడకపోవడానికి కారణం ఇదే. అమెరికాలోని సీవరల్డ్ కూడా జనం ఒత్తిడితో, 2016లో, ఓర్కా తిమింగలాల్ని ఇకపై పెంచబోమని ప్రకటించింది.

చట్టం దృష్టిలో జూ అంటే బోర్డు మీద జూ అని రాసినదే కాదు. షెడ్యూళ్ళలో ఉన్న వన్యప్రాణిని బంధించి జనానికి చూపించే ఏ చోటైనా, కదిలే సర్కస్ అయినా సరే, జూ కిందికే వస్తుంది. 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా నడపకూడదు. రిసార్టులోనో, ఎగ్జిబిషన్‌లోనో కొండచిలువను మెడలో వేసి ఫొటోకి వంద రూపాయలు అడిగితే, అది వినోదం కాదు, కేసు. కుందేళ్ళు, ఈము పక్షుల సంగతి వేరు. ఇంట్లో పంజరంలో ఉన్న పచ్చ రామచిలుక విషయం మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన దేశపు రామచిలుకను పెంచడం నేరమే. లవ్ బర్డ్స్ పెంచుకోవచ్చు. మకావ్, బూడిద చిలుక లాంటి విదేశీ జాతులైతే పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి.

ఈద్ మర్నాడు బండి కట్టుకుని విశాఖ జూకి వెళ్ళే కుటుంబాలు ముందు వారం చూసుకోవాలి, సోమవారం మూసి ఉంటుంది. జంతువులకు వారానికి ఒకరోజైనా జనం గోల లేకుండా ఉండాలన్నది నిబంధన. రాళ్ళేయడం, అద్దం కొట్టడం, చిప్స్ పడేయడం 38జె సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మన ఊపిరి కూడా వాటికి ముప్పే. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్టు సీసీఎంబీ తేల్చింది. పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపినామె శిక్షకు గురైన సంగతి, దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపినవాణ్ణి అల్లాహ్ మన్నించిన సంగతి హదీసుల్లో విని పెరిగిన పిల్లలకు ఇవన్నీ కొత్తగా నేర్పక్కర్లేదు. పోలిక చూపిస్తే చాలు. కాస్త స్తోమత ఉన్నవాళ్ళకు జూ దత్తత పథకం కూడా ఉంది, ఓ జంతువు మేత ఖర్చు కొన్నాళ్ళు భరించడం. డబ్బు కడితే రసీదు తీసుకుని, ఆదాయపు పన్ను 80జి వర్తిస్తుందేమో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు టెక్కలి మండలం తేలినీలాపురం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. "సైబీరియా పక్షులు" అని అందరూ రాస్తారు గానీ, ఈ రెండు జాతులూ దక్షిణాసియావే, మేత కోసం, గూటి కోసం ప్రాంతాలు మారతాయంతే. నౌపడ వైపు చిత్తడి నేలలు, ఉప్పుకయ్యలు వాటి వంటిల్లు. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని గ్రామస్తుల నమ్మకం. ఆ నమ్మకం మనది కాకపోవచ్చు, కానీ ఆ చెట్లు నరక్కుండా ఆపింది అదే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలదీ అదే కథ.

తోటలో ఎలుగు కనబడితే కాశీబుగ్గ లేదా టెక్కలి అటవీ రేంజ్ ఆఫీసుకు, లేదా 112కు వెంటనే చెప్పాలి. గాయమైతే ముందు ఆస్పత్రి. గోటి గాయం చిన్నదే అనిపించినా టీకాలు వేయించుకోవాలి. ఆస్పత్రి కాగితాలు, బిల్లులు, గాయం ఫొటోలు పారేయకూడదు. మనిషి పోతే పోస్ట్‌మార్టం, పోలీసు ఫిర్యాదు లేకుండా పరిహారం దరఖాస్తు కదలదు. కౌలు రైతులు, కూలీలు కూడా అడగవచ్చు, ఎందుకంటే ఆ పరిహారం మనిషికి, భూమి పట్టాకి కాదు.