పిల్లను సదస్సుకు పంపడమా, మానడమా?



మా ఆడపడుచు కూతురు గ్రంథాలయ శాస్త్రం చదువుతోంది. గ్రంథాలయాల వాళ్ళూ, పుస్తకాలు అచ్చువేసే వాళ్ళూ కలిసి జరుపుకునే రెండు రోజుల సదస్సుకు వెళతానని ఇంట్లో అడిగిందట. వాళ్ళమ్మ కల్లూరు వచ్చి, "పరీక్షల ముందు ఈ తిరుగుడేమిటి వదినా? ఛార్జీలు, బస, పైగా ఆడపిల్లాయె!" అని నా దగ్గర కూర్చుంది. రేపు మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న రావచ్చు. అందుకే ఆ సంగతి నాలుగు మాటలు చెప్పుకుందాం.

సభలంటే దండలూ ఉపన్యాసాలే అనుకుంటాం కదూ! కాని మన గ్రంథాలయాలకు బలం వచ్చింది సభల వల్లనే. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకుని బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. ఎక్కడికక్కడ విడిగా ఉన్న గ్రంథాలయాలకు అక్కడ ఒక సంఘం ఏర్పడింది. ఇక మావైపు, నిజాం రాజ్యంలో, సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. అటువంటి రోజుల్లోనే, 1925లో, మాకు దగ్గరలోని మధిరలో గ్రంథాలయ మహాసభ జరిగింది. నాలుగు పుస్తకాలు చదువుకోవడానికి పెద్దలు అంత పాటుపడ్డారు.

మరి విద్యార్థులకు అక్కడేం పని అంటారా? పుస్తకం బీరువాలో దాచడానికి కాదు, వాడుకోవడానికని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రం చెప్పారు. తరగతిలో పిల్లలు అది వల్లె వేస్తారు. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బీరువాకు తాళం వేసే ఉద్యోగి కష్టం మాత్రం, ఆ ఉద్యోగి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ప్రచురణకర్తల గొడవ వేరు. 1954 నాటి చట్టం ప్రకారం వాళ్ళు ప్రతి కొత్త పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి పంపాలి. మద్రాసు కన్నెమరా వంటి మరికొన్నిటికీ పంపాలి. ఎందుకంటే, బజారులో దొరకని పుస్తకం ముందు తరాలకు అక్కడైనా దొరకాలి. ఇంత సంగతి ఒకచోట వినే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది?

చివరకు పిల్ల వెళ్ళింది. అక్కడ లేచి ఒకటే అడిగిందట: "మా ఊరి గ్రంథాలయం పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు. మా అమ్మకు ఆ రెండు పూటలా వంటపనే. తీరిక దొరికే మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి. మరి ఆమె ఎప్పుడు చదవాలి?" సభలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఒక పెద్దాయన, చదువుకునే ఆడవాళ్ళంతా సంతకాలు చేసి అర్జీ ఇమ్మన్నాడట. ఇంటికి రాగానే పిల్ల కాగితం రాసింది. మొదటి సంతకం వాళ్ళమ్మదే!

అర్జీ ఇంకా తేలలేదు. అయినా అడగడంలో తప్పేముంది? ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. రసీదు తీసి చూడండి.

పంపేముందు మాత్రం జాగ్రత్తలు తీసుకోండి. వెంట అధ్యాపకులు వస్తున్నారా, ఆడపిల్లలకు బస ఎక్కడ, విద్యార్థులకు రుసుములో తగ్గింపు ఉందా అని ముందే కనుక్కోండి. అడగవలసిన ప్రశ్నలు రెండైనా రాసుకుని వెళ్ళమనండి. తిరిగి వచ్చాక, అన్నం వడ్డిస్తూ, ఏం విన్నావమ్మా అని తీరిగ్గా అడగండి. ఆ ఖర్చు ఊరికే పోదు.