కెమెరాలో పాతబడేది ఏది?

చాలాకాలం పక్కన పెట్టిన ఫొటోగ్రఫీ సరదాను మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్‌తో సరిపెట్టుకోవాలా అన్నది. కాస్త మంచి ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొత్తదంటే లక్ష దాటుతుంది. వాడినదంటే ఎవరి చేతుల్లో ఎంత నలిగిందో తెలియదు. ధరల పట్టీ ముందేసుకుని కూర్చుంటే ఈ చిక్కు విడిపోదు. కెమెరా అనే యంత్రం ఎలా పెరిగింది, ఏ భాగంలో దాని ఎదుగుదల ఆగింది, ఏ భాగంలో ఇంకా సాగుతోంది అన్నది తెలిస్తేనే పాతదానికి విలువ కట్టగలం. నా వాదన ఇదీ: వెలుతురును పట్టుకునే పనిలో డిజిటల్ కెమెరా 2010–12 నాటికే దాదాపు పూర్తిగా ఎదిగిపోయింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పులన్నీ వేగానికి సంబంధించినవి. తీయబోయే ఫొటోలకు ఆ వేగం అక్కర్లేనివాళ్లు పాత బాడీ కొని, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టాలి.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి సీసీడీకి రూపకల్పన చేశారు. వెలుతురు పడినచోట పుట్టిన విద్యుదావేశాన్ని గడి నుంచి గడికి జరుపుకుంటూ పోయి చివర్లో కొలిచే చిప్ అది. దానికి 2009లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ చిప్‌ను కెమెరాగా మార్చినవాడు కొడాక్‌లో పనిచేస్తున్న యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్. 1975లో రోచెస్టర్‌లో ఆయన తయారుచేసిన పెట్టె బరువు 3.6 కిలోలు. సూపర్ 8 సినిమా కెమెరా లెన్స్, 16 నికెల్-కాడ్మియం బ్యాటరీలు, ఒక క్యాసెట్ రికార్డర్ అందులోని సరంజామా. అడ్డంగా వంద, నిలువుగా వంద, మొత్తం పదివేల చుక్కల నలుపు-తెలుపు ఫొటోను టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే టీవీ తెర కావాలి. 1991లో అదే కొడాక్, నికాన్ ఎఫ్3 బాడీకి 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ అమర్చి డీసీఎస్ పేరుతో అమ్మింది. ఫొటోలు దాచే డిస్కు పెట్టెను విడిగా భుజాన తగిలించుకోవాల్సి వచ్చేది. 1999లో నికాన్ డీ1 వచ్చింది. 2003లో కానన్ 300డీ వెయ్యి డాలర్ల లోపు ధరతో, 63 లక్షల పిక్సెళ్లతో వచ్చి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ను మామూలు మధ్యతరగతి చేతుల్లోకి తెచ్చింది.

ఆ రోజుల్లో రెండు మూడేళ్ల తేడా నిజంగానే పెద్ద తేడా. 2003 నాటి కెమెరాలో ఐఎస్‌ఓ 800 దాటితే నీడల్లో మచ్చలు తేలేవి. 2008 నాటి కెమెరా అదే వెలుతురులో శుభ్రమైన ఫొటో ఇచ్చేది. పాత కెమెరా అంటే పనికిరాని కెమెరా అన్న భయం మనకు పట్టుకున్నది అప్పుడే. అప్పటికి ఆ భయం సరైనదే. దాన్నే ఇవాళ్టికీ వర్తింపజేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మధ్యలో జరిగిందేమిటంటే, సీసీడీ స్థానంలోకి సీమాస్ సెన్సర్ వచ్చింది. 1990లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం పెంచిన ఈ సెన్సర్‌లో ప్రతి పిక్సెల్‌కూ సొంత ట్రాన్సిస్టర్లు ఉంటాయి. 2007లో సోనీ తన ఎక్స్‌మోర్ సెన్సర్లలో నిలువు వరుసకొకటి చొప్పున, వెలుతురు కొలతను అక్కడికక్కడే అంకెలుగా మార్చే సర్క్యూట్లు పెట్టింది. సంకేతం దూరం ప్రయాణించి రొద (నాయిస్) కలుపుకునే పని తప్పింది. 2010 నాటి నికాన్ డీ7000, 2012 నాటి డీ800 చేతికొచ్చేసరికి సెన్సర్ తనంతట తాను కలిపే రొద బాగా తగ్గిపోయింది.

తగ్గించలేని రొద ఇంకొకటి మిగిలింది. దాన్ని కలిపేది కెమెరా కాదు, వెలుతురే. ఫోటాన్లు వరుస కట్టి సమానమైన ఎడంతో రావు. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడాల్సి ఉంటే, ఒకసారి 90, ఒకసారి 110 పడుతుంటాయి. ఆ ఒడిదుడుకు ఎప్పుడూ సగటు సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. 100కు 10, అంటే పది శాతం. 10,000కు 100, అంటే ఒక్క శాతం. మసక వెలుతురులో తీసిన ఫొటో గరుకుగా కనిపించడానికి అసలు కారణం ఇది. దీన్ని తగ్గించే దారి ఒక్కటే, ఎక్కువ ఫోటాన్లను పట్టడం. ఇప్పటి మంచి సెన్సర్లు రంగుల ఫిల్టర్ దాటి వచ్చిన ఫోటాన్లలో సగం, అంతకు మించి కూడా పట్టేస్తున్నాయి. రేపు ఎవరైనా నూటికి నూరు పట్టే సెన్సర్ చేసినా దక్కేది మహా అయితే రెట్టింపు, ఫొటోగ్రాఫర్ల కొలతలో ఒక స్టాప్. కిట్ లెన్స్ జూమ్ చివర్లో ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. దాని బదులు ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ బిగిస్తే సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు పది రెట్లవుతుంది. ఇప్పుడు దొరికే లెన్స్ ఏదో ఒకటి చాలనుకుని బాడీకే డబ్బంతా పోసేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

పిక్సెళ్ల సంగతీ అంతే. మన పెళ్లి ఆల్బమ్‌లలో ఒక పేజీ కొలత 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 3,600×5,400, అంటే ఒక కోటి 94 లక్షల పిక్సెళ్లు చాలు. 2012–13 నుంచే సాధారణ కెమెరాల్లో 24 మెగాపిక్సెళ్లు మామూలైపోయాయి. గోడ మీద ఫ్రేము కట్టించుకునే పటానికి అంతకన్నా అక్కర్లేదు.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: అలాంటప్పుడు అసలు కెమెరా ఎందుకు, ఫోన్ చాలదా? చాలా సందర్భాల్లో చాలుతుంది. ఫోన్ ఒక్క నొక్కుకి అనేక ఫ్రేములు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. ఇందాక చెప్పిన వర్గమూలం లెక్కకు అది తెలివైన జవాబు. అయితే మంచి ఫోన్‌లోని పెద్ద సెన్సర్ వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ కెమెరా సెన్సర్ దానికి అయిదు రెట్లు, ఫుల్‌ఫ్రేమ్ పన్నెండు రెట్లు. కదలని గుడి గోపురం విషయంలో పేర్పుతో ఆ లోటు పూడ్చవచ్చు. నవ్వుతూ తల తిప్పే పాపాయి విషయంలో పేర్చడానికి ఫ్రేములు కుదరవు, అప్పుడు ఫోన్ ఊహించి గీస్తుంది. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఫొటోగ్రఫీకి మళ్లీ వస్తున్న మనిషికి కావలసింది ఫొటో మాత్రమే కాదు, దాన్ని తీసే పని కూడా. ఎపర్చర్ ఎంత తెరవాలో, షట్టర్ ఎంతసేపు ఉంచాలో తాను నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాలను ఫోన్ తన చేతుల్లోకి తీసేసుకుంటుంది.

అసలు గట్టి అభ్యంతరం వేగం వైపు నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చిన వెలుతురును అద్దం పైకి, వ్యూఫైండర్‌లోకి మళ్లిస్తుంది. ఆ అద్దం వెనకే ఉన్న చిన్న అద్దం కొంత వెలుతురును అడుగునున్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. అంటే ఫోకస్ చూసుకునేది ఒక చోట, ఫొటో పడేది మరో చోట. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎఫ్/1.8 దగ్గర కన్ను బదులు చెవి స్పష్టంగా పడుతుంది. మిర్రర్‌లెస్ కెమెరా ఈ జంజాటాన్ని మొత్తంగా తీసేసింది. ఫొటో పడే సెన్సరే ఫోకస్‌నూ చూసుకుంటుంది. కానన్ 2013లో 70డీతో తెచ్చిన డ్యూయల్ పిక్సెల్ పద్ధతి, 2017లో సోనీ ఏ9లో వచ్చిన, సెకనుకు 20 ఫ్రేములు తీసే దొంతర సెన్సర్, 2020లో కానన్ ఆర్5 పిట్ట కన్నును సైతం గుర్తుపట్టి వెంటాడడం, ఇవన్నీ నిజమైన ముందడుగులే. చెరువు గట్టున కూర్చుని నీళ్లలోకి దూకే లకుముకి పిట్టను తీయాలనుకునేవారికీ, ఇంట్లో పరుగెత్తే పిల్లలనే ఎక్కువగా తీసేవారికీ, వీడియో మీద మనసున్నవారికీ 2012 నాటి కెమెరా చేతికిస్తే నెల తిరక్కుండానే విసుగొస్తుంది. వాళ్లు కొత్తదైనా కొనాలి, లేదా 2018 తర్వాతి మిర్రర్‌లెస్‌లలో వాడినదైనా వెతుక్కోవాలి. ఆ ఏడాది వచ్చిన సోనీ ఏ7 III ఫోకస్ పాయింట్లు ఫ్రేములో 93 శాతం మేర పరుచుకుని ఉంటాయి.

చేతి వణుకును సెన్సరే సర్దుకునే స్థిరీకరణ కూడా కొత్తవాటికే సొంతం అనుకుంటారు. రామప్ప గుడి రంగమండపంలో ఆ నల్లరాతి స్తంభాల చెక్కడాన్ని తీయడానికి అది ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పాలా? పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి అడగాల్సి ఉంటుంది కదా. కానీ అయిదు రకాల కదలికలను సర్దే బాడీ 2012లోనే ఒలింపస్ ఈ-ఎం5 రూపంలో వచ్చేసింది. సెకండ్ హ్యాండ్ బజారులో అదీ, దాని తర్వాతి తరాలూ దొరుకుతూనే ఉన్నాయి.

ఇక నలిగిన కెమెరా అన్న భయం. సెన్సర్‌లో కదిలే భాగం లేదు. ఫొటోలు తీసినకొద్దీ అది అరిగిపోదు. అరిగేది షట్టర్. డీ7000, కానన్ 5డీ మార్క్ III వంటి వాటి షట్టర్లను తయారీదార్లు 1,50,000 సార్లు పరీక్షించి అమ్మారు. ఇప్పటికి 50,000 కొట్టిన బాడీని ఏడాదికి అయిదువేల ఫొటోలు తీసే మనిషి కొంటే ఇరవై ఏళ్లు మిగిలే ఉన్నాయి. నికాన్ అయితే ప్రతి ఫొటో ఫైల్‌లోనే ఈ లెక్క రాసిపెడుతుంది. అమ్మేవాణ్ని ఒక తాజా జేపెగ్ పంపమంటే సరి. పైగా పాత మోడల్ జాతకం లోకానికి ముందే తెలిసి ఉంటుంది. నికాన్ డీ600 సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని బయటపడితే, 2014లో ఆ కంపెనీ ఉచితంగా షట్టర్ మార్చే ఏర్పాటు చేసింది. ఇవాళ డీ600 కొనేవారు ఆ పని జరిగిందా అని అడగగలరు. నిన్న విడుదలైన మోడల్‌లో ఏ లోపం దాగుందో ఎవరికి తెలుసు?

షట్టర్ కన్నా మన వాతావరణంలో ఎక్కువ భయపడాల్సింది లెన్స్‌లోని ఫంగస్‌కి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి తీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి బీరువాలో, తోలు సంచిలో ఉండిపోయిన లెన్స్‌ను చూడకుండా కొనకూడదు. రెండు వైపులా మూతలు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక పక్క నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండో పక్క నుంచి ఏటవాలుగా చూడాలి. నాలుగు ధూళి రేణువులు కనిపిస్తే బెంగ లేదు, అవి ఫొటోలో పడవు. అంచు నుంచి లోపలికి సన్నటి వేళ్లలా పాకిన తెల్లటి దారాలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి. అది గాజు మీది పూతను తినేస్తుంది; తుడిచినా గుర్తు పోదు. ఆ తర్వాత బాడీని ఎఫ్/16 దగ్గర పెట్టి, ఫోకస్ తప్పించి తెల్ల గోడను తీసి చూస్తే సెన్సర్ మీది మచ్చలన్నీ బయటపడతాయి. మచ్చ అయితే శుభ్రం చేయించుకోవచ్చు, గీత అయితే వద్దు. బాడీ అడుగున సీరియల్ నంబర్, బిల్లు మీది నంబర్ ఒకటేనా అని కూడా చూసుకోవాలి. వారంటీ ఉండదన్న అభ్యంతరం నిజమే. అది తీరేది ఇలాంటి పరీక్షతోనూ, పని చేయకపోతే వెనక్కి తీసుకుంటానని రాసిచ్చే దుకాణంలో కొనడంతోనూ.

డీఎస్‌ఎల్‌ఆర్ కాలం చెల్లిపోయింది, ఇప్పుడు అందులోకి దిగడం ఎందుకన్నది ఆఖరి ప్రశ్న. కంపెనీల దృష్టి మిర్రర్‌లెస్ వైపు మళ్లిన మాట వాస్తవం. కానీ కెమెరా కొనడమంటే బాడీ కొనడం కన్నా మౌంట్ కొనడం. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కానన్ ఈఎఫ్ 1987 నాటిది. ఆ కానన్ లెన్సులు అడాప్టర్ తగిలిస్తే ఇవాళ్టి ఆర్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. ఇంట్లో పాత ఏఎఫ్-డీ లెన్స్ ఉంటే దాన్ని తిప్పే మోటారు బాడీలోనే ఉండాలి. అది డీ7000 వంటి వాటిలో ఉంది, చవకైన డీ3000, డీ5000 వరసల్లో లేదు, జెడ్ మౌంట్ అడాప్టర్‌లోనూ లేదు. కాబట్టి కొత్తగా కొనే నికాన్ లెన్స్ అయితే లోపలే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం చూసుకుంటే, రేపు మిర్రర్‌లెస్‌కి మారినా వెంట వస్తుంది. వృత్తి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కి మారుతూ ఒకప్పుడు అపురూపంగా కొనుక్కున్న 85 ఎంఎం ఎఫ్/1.8, 70–200 ఎఫ్/2.8 లాంటి లెన్సులను అమ్మేస్తున్నారు. సరదాగా తీసుకునేవాడికి అలాంటి గాజు ఈ ధరల్లో ఇంతకుముందు అందలేదు. వాటిలో తనకు కావలసినది ముందు ఎంచుకుని, ఆ మౌంట్‌కు సరిపడే బాడీని ఆ తర్వాత వెతకాలి.