అలవోక కట్టు: పారిస్ వీధి, బస్తర్ సంత

మీ అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ చీర కట్టుకుంటుండగా ఎప్పుడైనా గమనించారా? అద్దం అక్కర్లేదు, పిన్నీసు అక్కర్లేదు. ఎవరితోనో మాట్లాడుతూనే కుచ్చెళ్ళు పోసి దోపుకుని, కొంగు నడుముకు బిగించి పనిలోకి వెళ్ళిపోతారు. అదే చీర మీ అక్క కాలేజీ వార్షికోత్సవానికి కట్టుకోవాలంటే గంట పడుతుంది, డజను పిన్నీసులు పడతాయి. పెద్దవాళ్ళ కట్టులో కనిపించే ఆ తేలికకు తెలుగులో ఒక చక్కని మాట ఉంది: అలవోక. అంటే శ్రమ పైకి కనబడకుండా చేయడం. ఈ అలవోక అందం ఎలా పుడుతుందో, దాని వెనక ఎవరి శ్రమ ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

దుస్తుల్లో అలవోక అనగానే ప్రపంచమంతా ఫ్రాన్సు వైపు చూస్తుంది. చారల బనీను, మామూలు ప్యాంటు, మెడలో ఒక రుమాలు, అంతే. ఏమీ ఆలోచించకుండా తొడుక్కున్నట్టు ఉంటుంది, అయినా చూపు తిప్పుకోలేం. ఇది ఫ్రెంచి స్త్రీకి పుట్టుకతో వచ్చిన గుణమని పత్రికలు రాస్తుంటాయి. చరిత్ర చూస్తే అలా లేదు. ఆ చారల బనీను 1858లో ఫ్రెంచి నౌకాదళం నావికులకు నిర్ణయించిన పని దుస్తు. తెల్ల చారలు 21 ఉండాలని ఉత్తర్వులోనే ఉంది. కోకో షనెల్ 1913లో దోవిల్ అనే సముద్రతీర పట్టణంలో దుకాణం తెరిచి, అంతవరకూ ఎక్కువగా మగవాళ్ళ లోదుస్తులకు వాడిన జెర్సీ బట్టతో ఆడవాళ్ళకు దుస్తులు కుట్టించారు. బిగుతు కట్లు లేకుండా నడవడానికి, వంగడానికి వీలైన బట్టలవి. ఇక ప్యాంటు సంగతి చూడండి. పారిస్‌లో ఆడవాళ్ళు మగ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలని 1800లో ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఎప్పుడో మరిచిపోయినా, అది చెల్లదని ప్రభుత్వం అధికారికంగా చెప్పింది మాత్రం 2013లో! కాబట్టి పారిస్ అలవోక వెనక నావికుడి పని ఉంది, స్త్రీల పట్టుదల ఉంది.

ఇప్పుడు మన పొరుగుకు వద్దాం. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ ఎక్కి, కోరాపుట్, జైపూర్ దాటి పోతే ఒడిశా అంచున కోట్‌పాడ్ వస్తుంది. ఇంకొంత దూరం పోతే ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్, బస్తర్ ముఖ్య పట్టణం. ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998లో దాన్ని విడగొట్టారు. ఈ నేల మనకు మరీ పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే కథ.

ఇక్కడి ఆదివాసీ స్త్రీలు తరతరాలుగా కట్టిన నేత చీరను పాటా అంటారు. ఇది ముతక నూలు బట్ట. రంగు వేయని నూలు తెలుపు మీద ముదురు ఎరుపు, గోధుమ, నలుపు అంచులుంటాయి. కొంగు మీద పీత, చేప, గొడ్డలి, విల్లు, శంఖం లాంటి బొమ్మలుంటాయి. కొలత మూరల్లో చెబుతారు. ఎనిమిది మూరల చీర మోకాళ్ళ దాకా వస్తుంది, పదహారు మూరలది చీలమండల దాకా. పనికి పోయే మనిషికి ఎనిమిది మూరలు చాలు. నడుముకు చుట్టి, ఒక కొసను భుజం మీద ముడి వేస్తే కట్టు పూర్తయినట్టే. లోపలి లంగా, రవిక, కుచ్చెళ్ళు అప్పట్లో ఆ కట్టులో భాగం కావు. వరి మడిలో దిగినా, ఇప్పపూలు ఏరడానికి వంగినా, నెత్తిన గంపతో మైళ్ళ దూరం సంతకు నడిచినా బట్ట కాళ్ళకు అడ్డం రాదు. ఆ సాదా చీర మీద మెడలో సూతా అనే వెండి కడియం, సిగలో చెక్క దువ్వెన ఉండేవి. మురియా యువకులు ఆ దువ్వెనలు చెక్కి అమ్మాయిలకు కానుకగా ఇచ్చేవారని వెరియర్ ఎల్విన్ రాశారు. బట్ట సాదా, నగ ఒకటి రెండు. పారిస్ పత్రికలు ఈనాటికీ చెప్పే సూత్రం ఇదే కదా!

సరే, కట్టడానికి ఒక్క నిమిషం పట్టే ఈ చీర తయారవడానికి ఎంత కాలం పడుతుంది? ఇక్కడే అసలు విషయం ఉంది.

ఆ ఎరుపు ఆల్ అనే చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. మన వైపు దీన్ని తొగరు అంటారు. తొగరు అంటే ఎరుపు అని కూడా అర్థం. చెట్టుకు మూడు నాలుగేళ్ళు వచ్చాక వేరు తవ్వి, ఎండబెట్టి పొడి చేస్తారు. ఈ రంగు పచ్చి నూలుకు సరిగా పట్టదు. అందుకని ముందు నూలు చిలపలను ఆముదం, బూడిద నీళ్ళు, ఆవు పేడతో రోజుల తరబడి పిసికి, ఎండబెట్టి, మళ్ళీ పిసుకుతారు. బూడిద నీటిలోని క్షారం నూనెను విడగొట్టి పోగు లోపలికి దిగేలా చేస్తుంది. మన తేలియా రుమాళ్ళకూ ఇలాగే నూనె, బూడిద పట్టిస్తారు. ఆ పేరులోని తేలియా అంటే నూనెదనే అర్థం. తర్వాత ఆల్ పొడి కలిపిన నీటిలో చిలపలు వేసి కాస్తారు. ఎరుపుకు ఇది చాలు. నలుపు, ముదురు గోధుమ రంగులు కావాలంటే అన్నభేది కలుపుతారు. ఇదంతా అయ్యేసరికి వారాలు గడుస్తాయి. ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద జరిగే పని ఇది. అప్పుడు గుంట మగ్గం మీదికి నూలు ఎక్కుతుంది. పీతనూ చేపనూ పడుగు పోగులు లెక్కపెడుతూ, అదనపు పేకతో వేళ్ళతో తీర్చుతారు. ఈ పని తెలిసినవారు పనికా, మిర్గాన్ కులాల నేతగాళ్ళు. కట్టేవారు ఆదివాసీలు, నేసేవారు వీరు.

ఫ్రాన్సులోనూ ఒక ఎర్రవేరు ఉండేది. మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన ఆ మొక్కను అవిన్యోన్ ప్రాంతంలో విస్తారంగా పండించేవారు. 1829 నుంచి ఫ్రెంచి సైనికుల ఎర్ర ప్యాంట్లకు ఆ వేరు రంగే వాడారు. 1868లో గ్రేబె, లీబెర్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరులోని రంగును తారు నుంచి కృత్రిమంగా తయారు చేశారు. కొద్ది సంవత్సరాల్లోనే ఆ పొలాలు మూతపడ్డాయి. మధ్య భారతంలో పలుచోట్ల ఆల్ అద్దకం కూడా అలాగే కనుమరుగైంది. రైలుకూ రోడ్డుకూ దూరంగా ఉన్న బస్తర్, కోరాపుట్ అడవుల్లో మాత్రం నిలిచింది.

నిలిచిన నేతకు గౌరవాలూ వచ్చాయి. 2005లో కోట్‌పాడ్ చేనేతకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2018లో అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకు పద్మశ్రీ ఇచ్చారు. కానీ సంతలో నిలబడి చూడండి, పాటా కట్టినవారు అరుదు. నెల పైగా పట్టే చీరకు తగ్గ ధర, రోజుకూలీ మీద బతికే మనిషి పెట్టలేదు. మిల్లు చీర చవక, ఆరడం తొందర. దాన్ని కొనుక్కున్న స్త్రీని తప్పు పట్టడానికి మనమెవరం? ఇప్పుడు ఆల్ రంగు బట్ట ఎక్కువగా నగరాలకు దుపట్టాగా, శాలువాగా వెళుతోంది.

ధర ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. 1920లలో పారిస్ గౌను మోకాళ్ళ దాకా ఎగబాకితే దాన్ని ఆధునికత అన్నారు. బస్తర్ స్త్రీ అంతకు ముందు నుంచే కట్టిన మోకాళ్ళ చీరను చూసి వెనకబాటు అన్నారు. ఆ మాట పడి బడికి వెళ్ళిన అమ్మాయి తన తల్లి కట్టును ఇష్టంగా ఎలా కట్టుకుంటుంది? పండగ నాట్యానికో, ఫొటోకో కడుతుంది. అప్పుడది వేషం. రోజూ కట్టినన్నాళ్ళూ అది బట్ట.

మీకు ఎప్పుడైనా ఈ బట్ట చేతికి వస్తే తిప్పి చూడండి. ఎరుపు అంతటా ఒకే పాళ్ళలో ఉండదు, ఒక చిలపకూ ఇంకో చిలపకూ ఛాయ మారుతుంది. కొత్తలో బరకగా ఉండి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. తర్వాత మీ ఇంట్లో పెద్దవారిని అడగండి: వారి చిన్నప్పుడు పొలానికి కట్టిన చీర ఎన్ని మూరలు, ఎవరు నేసింది, ఏ సంతలో కొన్నది? జవాబులు మీ నోటు పుస్తకంలో రాసుకోండి.