ప్రార్థన మనవి పేరుతో నింద

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై మందిరాల తలుపులు మూతపడ్డాక మన సంఘాలు ఫోన్లలోకి వెళ్ళాయి. ఆరాధన, ఉపవాస ప్రార్థన, మరణవార్త, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే. అవి మనలను ఎంతో ఆదుకున్నాయి. పెద్దవారు పెద్దవారినే వేధించడం కూడా ఆ గ్రూపుల్లోనే చూశాం. సైబర్ వేధింపు అంటే కాలేజీ పిల్లల గొడవ అనుకుంటాం. తలలు నెరిసిన విశ్వాసులు చేసినదాన్ని ఆ పేరుతో పిలవడానికి మనసొప్పదు.

చాలాసార్లు అది ప్రార్థన మనవిగానే మొదలవుతుంది. ఫలానా వీధిలో ఫలానా సహోదరునికి కరోనా అని పేరు, ఇల్లు, ఒక్కోసారి రిపోర్టు ఫొటో కూడా పెడతారు. గంటలో అది నాలుగు గ్రూపులు దాటుతుంది. తర్వాత ప్రశ్నలు: ఆ పెళ్ళికి ఎందుకు వెళ్ళాడు? దశమభాగం సరిగా ఇస్తున్నాడా? ఏ పాపం దాచాడో? గదిలో ఒంటరిగా పడుకున్న రోగి ఇవన్నీ తన ఫోన్లోనే చదువుతాడు. జవాబివ్వడానికి ఓపిక ఉండదు. మౌనంగా గ్రూపు నుంచి తప్పుకుంటాడు. మాట్లాడింది ఇద్దరే కావచ్చు, కానీ చూస్తూ ఊరుకున్న రెండు వందల మంది కూడా వారితోనే ఉన్నారని అతనికి అనిపిస్తుంది.

భయపడిన మనిషికి నిందించడానికి ఎవరో ఒకరు కావాలి. కంటికి కనబడని క్రిమిని తిట్టలేం, పొరుగింటివారిని తిట్టగలం. మామూలు రోజుల్లో మాట జారితే ఎదుటివారి ముఖం చూసి ఆగుతాం, లేదా ఆరాధన ముగిశాక మందిరం గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని సర్దుకుంటాం. ఆ గుమ్మమే లేకుండా పోయింది. జీతం ఉంటుందో ఊడుతుందో తెలియని రాత్రుల్లో చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే.

రోగుల పేర్లు, చిరునామాలు సోషల్ మీడియాలో పెట్టవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే కోరింది. అదే నెలలో వాట్సాప్, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేసింది.

సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో మిర్యాముకు కుష్ఠు వచ్చింది. ఆమె తప్పు నిజమే, అదీ నోటి మాటతో చేసిన తప్పే. ఏడు దినాలు పాళెము వెలుపల ఉంచారు. అయితే ఆమె తిరిగి వచ్చేవరకు జనమంతా ప్రయాణం ఆపి కనిపెట్టుకున్నారు. దూరముంచారే గాని విడిచి వెళ్ళలేదు. తప్పే చేయని రోగికి మన గ్రూపుల్లో ఆ మాత్రమూ దొరకలేదు.

డెంగీ అయినా, టీబీ అయినా ఆ అలవాటు ఇంకా పోలేదు. కాబట్టి రోగిని అడగకుండా పేరు పెట్టవద్దు, రిపోర్టు అసలే వద్దు. ఎవరి మీదైనా అభ్యంతరముంటే మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టు మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి. గ్రూపు అడ్మిన్ నింద సందేశాన్ని అందరి ఫోన్లలోనుంచి తొలగించవచ్చు. 2022 నుంచి ఆ వీలుంది. బాధితులు స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. బెదిరింపుల దాకా వెళ్తే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. విశ్వాసి పోలీసుల దగ్గరికి వెళ్ళకూడదన్న మాటను మేము ఒప్పుకోము.

ఆ రోజుల్లో గ్రూపు విడిచి, నేటికీ మందిరానికి రానివారు మీ సంఘంలో ఉంటే, వారికి మెసేజ్ పంపి సరిపెట్టవద్దు. కాపరి, ఒక సంఘపెద్ద కలిసి వారి ఇంటికి వెళ్ళాలి.