ఈ చిన్న నాడె ఏ మిషనుది?



పాత ఇల్లు దులిపేటప్పుడు ఎన్నో వస్తువులు బయటపడతాయి. కొన్ని అటక మీద ఉంటాయి. కొన్ని గోడ గూట్లో ఉంటాయి. కొన్ని ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. అవి ఏమిటో మనకు తెలియదు. "ఎందుకూ పనికిరావు" అని పాత ఇనుప సామాన్ల వానికి వేసేస్తాం. అలా పోయే వస్తువుల్లో ఒకదాని గురించి ఈ రోజు తెలుసుకుందాం.

చూడటానికి ఎలా ఉంటుంది?

అది ఉక్కుతో చేసింది. నున్నగా మెరుస్తూ ఉంటుంది. పొడవు సుమారు చిటికెన వేలంత. ఒక కొస మొనదేలి ఉంటుంది. లోపల బోలుగా ఉంటుంది. పక్కన దారం వచ్చేందుకు సన్నని చీలిక ఉంటుంది. చీలిక దగ్గర చిన్న రేకు ఉంటుంది. ఆ రేకుకు ఆవగింజంత మర బిగించి ఉంటుంది.

దీన్ని ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో చూపించండి. ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నేత ఇంటి ఆడవాళ్లు దీన్ని చూడగానే "నాడె లాగుంది. కానీ ఇంత చిన్న నాడెతో ఏం నేస్తారు?" అని అడుగుతారు.

వాళ్లు అన్నది నిజమే. అది నాడే. కానీ మగ్గం నాడె కాదు. పాత కాలం కుట్టుమిషను నాడె.

ఇది ఏం పని చేస్తుంది?

మగ్గం మీద నాడె పడుగు దారాల మధ్య నుంచి పోతుంది. దానిలో కండె ఉంటుంది. కండె నుంచి పేక దారం వస్తుంది. కుట్టుమిషనులోనూ ఇంచుమించు అంతే.

మిషను కుట్టుకు రెండు దారాలు కావాలి. పై దారం సూదిలో ఉంటుంది. కింది దారం నాడెలో ఉంటుంది. సూది బట్టలోకి దిగుతుంది. మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. అప్పుడు బట్ట కింద దారం చిన్న ఉచ్చులా నిలుస్తుంది. నాడె మొన ఆ ఉచ్చులో దూరి అవతలికి పోతుంది. సూది పైకి పోగానే రెండు దారాలు ముడిపడతాయి. ఒక కుట్టు పడుతుంది.

ఇప్పటి మిషన్లలో గుండ్రని బాబిన్ ఉంటుంది. పాత నాడెలో సన్నగా, పొడుగ్గా ఉండే బాబిన్ ఉంటుంది. అందుకే పాత నాడెను చూసి మనం గుర్తుపట్టలేం. ఇలాంటి మిషన్లను సింగర్ కంపెనీ చాలా ఏళ్లు చేసింది. స్కాట్లాండ్ దేశంలో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో దానికి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అది 1980లో మూతపడింది. గాంధీ గారు యంత్రాలను అంతగా మెచ్చేవారు కాదు. అయినా 1924లో సింగర్ మిషనును మాత్రం పనికొచ్చే యంత్రమని మెచ్చుకున్నారు.

పారేస్తే ఏమవుతుంది?

నాడె లేకపోతే ఆ మిషను ఒక్క కుట్టు కూడా వేయదు. గుండ్రని బాబిన్ దానికి పట్టదు. అప్పుడు మిషను కూడా ఇనుము కింద తూకానికి పోతుంది. నాడె ఉంటే దుమ్ము తుడిచి, నూనె వేసి, పట్టా మార్చి చూడవచ్చు. బాగుపడితే కరెంటు లేకుండా జాకెట్లు, లంగాలు కుట్టుకోవచ్చు. నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు.

పుకార్లు నమ్మవద్దు

2009లో సౌదీ అరేబియాలో ఒక పుకారు పుట్టింది. పాత సింగర్ మిషన్లలో "ఎర్ర పాదరసం" ఉందన్నారు. సెల్‌ఫోను దగ్గర పెడితే లైను తెగిపోతుందన్నారు. ఒక్కో మిషనుకు రెండు లక్షల రియాళ్ల వరకు ధర పలికింది. చివరికి అదంతా అబద్ధమని తేలింది. కుట్టుమిషనులో పాదరసం ఉండదు. అసలు పాదరసం తెల్లగా, వెండిలా ఉంటుంది. మహిమలున్న ఎర్ర పాదరసం ఎక్కడా లేదు.

మన దగ్గర కూడా ఇలాంటి మోసాలు జరుగుతున్నాయి. బియ్యపు గింజలను లాగే చెంబు అని చెప్పి డబ్బు గుంజిన వాళ్లను పోలీసులు పట్టుకున్నారు. ఎవరైనా మీ ఇంటికి వచ్చి, "మీ పాత వస్తువు కోట్లు చేస్తుంది. పరీక్ష ఖర్చుకు ముందు డబ్బు కట్టండి" అంటే ఒక్క పైసా ఇవ్వకండి. కొనేవాడు డబ్బు ఇస్తాడు. అమ్మేవాళ్లను డబ్బు అడగడు. బెదిరిస్తే 112కు ఫోన్ చేయండి.

తెలియని వస్తువు దొరికితే ఏం చేయాలి?

1. పగలగొట్టకండి. కరెంటు వస్తువైతే ప్లగ్గులో పెట్టకండి.

2. పొడి గుడ్డతో తుడవండి. అరిగిన చోటు చూడండి. ఎక్కడ అరిగిందో అక్కడ ఏదో రాసుకుని తిరిగిందని అర్థం.

3. అక్షరాలు, అంకెలు వెతకండి. కనబడకపోతే పల్చని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి. అక్షరాలు కాగితం మీదకి వస్తాయి. అవి ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లలతో చదివించండి. అంకెలు మీరే చదవండి. సింగర్ మిషను నంబరును బట్టి అది ఏ ఏడు తయారైందో చెప్పవచ్చు.

4. ఇంట్లో ముసలివాళ్లను అడగండి. "మన ఇంట్లో కుట్టుమిషను ఉండేదా?" అని అడిగితే సగం సంగతి తెలుస్తుంది.

5. ఆదోని బజారుకు పోయినప్పుడు మిషన్లు బాగుచేసే వానికి చూపించండి. వస్తువును అక్కడే వదిలి రాకండి.

అమ్మేది, ఉంచుకునేది మీ ఇష్టం. కానీ అదేమిటో తెలుసుకున్న తర్వాతే అమ్మండి.

చదివి జవాబు చెప్పండి

1. మగ్గం నాడెకు, మిషను నాడెకు పోలిక ఏమిటి?
2. మిషను కుట్టుకు ఎన్ని దారాలు కావాలి?
3. మీ ఇంట్లో పేరు తెలియని పాత వస్తువు ఉందా? దాని మీద ఏ అంకెలు ఉన్నాయి? పలక మీద రాయండి.