పశువు నడతే తొలి పరీక్ష

పశువుకు జబ్బు చేస్తే అది ముందుగా నడతలో బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. నెమరు తగ్గినా, కుడితి ముట్టకపోయినా, మందలో కలవక విడిగా నిలబడినా అనుమానించాలి. పులుల భయంతో బతికిన జాతి గనుక పశువు నొప్పిని బయటపెట్టదు, కొత్త మనిషి ఎదుట మరీ దాస్తుంది. డాక్టరు చూసేది పది నిమిషాలే. రోజూ మేత వేసే ఆడమనిషి చెప్పే మాటకు అందుకే అంత విలువ.

ఈనిన రెండు మూడు రోజుల్లో పాడి ఆవు కూలబడి, మెడ తిప్పి తల డొక్కకు ఆనించి పడుకుంటే అది చాలావరకు పాలజ్వరం. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం, ఒళ్లు కూడా చల్లబడుతుంది. వెంటనే నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా పశువులు కొద్ది గంటల్లోనే లేస్తాయి. వీపు గూనిలా పెట్టి, ముందుకాళ్ల మోచేతులు ఎడంగా ఉంచి, పల్లానికి దిగనని మొరాయిస్తే మేతతోపాటు మింగిన తీగముక్క గుండె వైపు గుచ్చుకుంటుందేమో చూడాలి.

అన్నిటికన్నా ప్రమాదం రేబిస్‌తో. చొంగ కారుస్తూ, మింగలేక, బొంగురుగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చేయి పెట్టేస్తారు. ఆ పని ఎన్నడూ చేయకూడదు. కుక్క కరిచిన సంగతి తెలియకపోయినా సరే.

జబ్బే కాదు, ఎద కూడా నడతలోనే తెలుస్తుంది. ఎదకు వచ్చిన ఆవు అరుస్తుంది, తోటి పశువుల మీదికి ఎక్కుతుంది. బర్రె చాలాసార్లు ఏ సందడీ చేయదు. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక కనిపెట్టి చూడకపోతే 21 రోజుల చక్రం వృథా అవుతుంది.

భయం కూడా పరీక్షను తారుమారు చేస్తుంది. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్ల పందేలు జరుగుతాయి. జనం కేకల మధ్య అప్పుడే బండ లాగి వచ్చిన ఎద్దుకు థర్మామీటరు పెడితే జ్వరంలా కనిపించవచ్చు. నీడన కట్టేసి, ఒగర్పు తగ్గాక చూడాలి. పశువుకు చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక తప్ప. అందుకే పిలుస్తూ, భుజం పక్కనుంచి దగ్గరికి పోవాలి. అమెరికాలో పశు శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ చూపును కూడా దృష్టిలో పెట్టుకుని పశువులు బెదరకుండా నడిచే వంపుదారులు రూపొందించారు. ఒకసారి కొట్టి, ఈడ్చి సూది వేయించిన పశువు మరుసటిసారి డాక్టరును చూడగానే తాడు తెంపుకోజూస్తుంది.

తెలంగాణలో 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిచేటప్పుడు జబ్బు పేరు ఊహించి చెప్పనక్కర్లేదు. చివరిసారి ఎప్పుడు మేసింది, పేడ ఎప్పుడు వేసింది, ఎటు ఒరిగి పడుకుంటోంది, ఏ కాలు మోపడం లేదు అన్నవి చెబితే డాక్టరు తగిన మందులతో బయలుదేరగలడు.