స్వాబియా గృహిణుల మౌల్‌టాషెన్

జర్మనీదేశపు నైరృతిభాగమున స్వాబియా యను సీమ కలదు. ఈస్టరు పండుగకు ముందువచ్చు గురు, శుక్రవారములలో మౌల్‌టాషెన్ అను వంటకము చేయుట అచటి యిల్లాండ్రకు పరిపాటి. గోధుమపిండిని గ్రుడ్లతో మర్దించి, పలుచగ నొత్తి, నడుమ పూర్ణము నుంచి, మడిచి, అంచుల నదిమి, కాగుచున్న రసములో నుడికింతురు. చూపునకు మన కజ్జికాయలు తలపునకు వచ్చునుగాని యిందు తీపి లేదు. సన్నగ కొట్టిన మాంసము, పాలకూర, ఉల్లి, గ్రుడ్డు, నానవేసి పిడిచిన పాతరొట్టె, కొంచెము జాజికాయపొడి - ఇదియే పూర్ణము.

ఉపవాసదినములలో మాంసమేమని సోదరీమణులు శంకింపవచ్చును. మౌల్‌బ్రాన్ మఠమందలి సన్యాసులు దేవుని కంటబడకుండ మాంసమును ఆకుకూరలో గలిపి పిండిలోపల దాచిరని యొక కథ కలదు. దేవుని మోసగించునవి యను వేడుకపేరు గూడ ఈ వంటకమున కున్నది. కథ కథయే యనుకొన్నను, ఆ కలయికవలన దేహమునకు గలుగు మేలు మాత్రము నిజము.

పాలకూరలో ఇనుము మెండని మనమందఱము వినుచునే యున్నాము. నూరు గ్రాముల పచ్చియాకులో నది సుమారు 2.7 మిల్లీగ్రాములు. కాని యందు దేహమునకు బట్టునది కొంచెమే. మాంసమందలి యినుము సులువుగ బట్టుటయేగాక, తనతోగూడ దినిన యాకుకూరలోని యినుమును సయితము బట్టించును. నెలనెల రక్తము గోల్పోవు స్త్రీలకును, గర్భవతులకును ఇది స్వల్పవిషయము గాదు. మాంసము లేకుండ చేయువారు నిమ్మరసము పిండిన పచ్చికూరముక్కలను ప్రక్కన వడ్డింపవలెను. నిమ్మలోని సి విటమిను అట్టి సాయమే చేయును. భోజనముతో కాఫీ, తేనీరు పుచ్చుకొన్నచో ఈ లాభము చాలవఱకు పోవును.

పాతరొట్టె సంగతి మాకు మిక్కిలి నచ్చినది. పాఱవేయవలసినది పూర్ణములో గలిసి, కొద్ది మాంసమే యింటిల్లిపాదికి సరిపోవును. మన యిండ్లలో చద్దియన్నమును వృథాపుచ్చని పెద్దమ్మలు దీనిని మెచ్చుకొనకుండ నుండలేరు.

2009వ సంవత్సరమున ఐరోపా సమాఖ్య ఈ పేరునకు రక్షణ గల్పించినది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రమునను, బవేరియాలోని స్వాబియా సీమయందును చేసినవానికే స్వాబియా మౌల్‌టాషెన్ అను పేరు చెల్లును.

వీనిని రసముతో వడ్డించుట యొక పద్ధతి. ఉడుకునప్పుడు నీటిలో గలియు విటమినులు కొంతవఱకైనను పళ్లెములోనికే వచ్చును. మిగిలినవానిని మఱునాడు ముక్కలుగ గోసి, వెన్నలో వేచి, గ్రుడ్డు గలుపుట మఱియొక పద్ధతి. రుచి దీనికే హెచ్చు. అయినను గ్రాము పిండిపదార్థమునకు 4 కెలోరీలైన, గ్రాము క్రొవ్వునకు 9 గనుక, కదలక కూర్చుండువారికి రసముతోడివే మేలు. రక్తపుపోటు గలవారున్న యింట మఱియొక జాగ్రత్త వలయును: పూర్ణములో ఉప్పు వేసిననాడు రసములో తగ్గింపవలెను.